అటక మీది జంట గొట్టాలు

ఆఖరిసారి పేల్చాక తుపాకిని కడిగి పెట్టినవాళ్లు తక్కువ. అదే ఆఖరిసారని అప్పుడు ఎవరికీ తెలియదు మరి. తూటాలు దొరకలేదనో, లైసెన్సున్న పెద్దాయన మంచం పట్టాడనో గోడకు తగిలించిన తుపాకి అలాగే ఉండిపోతుంది. ముప్పై నలభై ఏళ్లకు మనవడు దాన్ని అమ్మాలనో బాగుచేయించాలనో కిందికి దించుతాడు. గొట్టంలోకి చూస్తే గుంటలు. ఇన్నేళ్లు అటక మీద పడి ఉంది కదా, తుప్పు పట్టదా అంటారు ఇంట్లోవాళ్లు. నిజానికి ఆ గుంటల్లో చాలా భాగం ఆఖరి తూటా పేలిన తరవాతి వారం పది రోజుల్లోనే మొదలై ఉంటుంది. మిగతా ఏళ్లన్నీ ఆ పనిని సాగదీశాయంతే.

ఈ అధ్యాయానికి నేను ఎంచుకున్న చోటు శ్రీవిల్లిపుత్తూరు, రాజపాళయం, కోవిల్‌పట్టి చుట్టుపక్కల తెలుగు పల్లెలు. తమిళనాడు దక్షిణపు కొసన తెలుగిళ్లేమిటని అడిగేవారికి ఒక మాట. విజయనగరం, ఆ తరవాత మదురై నాయకుల కాలంలో వలస వచ్చిన కుటుంబాలు ఇక్కడి నల్లరేగడి మీద స్థిరపడ్డాయి. రాజపాళయంలో రాజులు, కోవిల్‌పట్టి వైపు కమ్మవారు, ఎట్టయపురం చుట్టూ రాజకంబళం నాయకర్లు. కృష్ణదేవరాయలు ఆముక్తమాల్యద రాసింది శ్రీవిల్లిపుత్తూరు ఆడపడుచు గోదాదేవి మీదే. అదే ఊళ్లో తిరుమల నాయకుని మహలు కూడా ఉంది. 1949 నుంచి 1952 దాకా మద్రాసు రాష్ట్రానికి ముఖ్యమంత్రిగా చేసిన పి.ఎస్. కుమారస్వామి రాజాది రాజపాళయం. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ తమిళంలో గొప్ప రచయితైన కి. రాజనారాయణన్‌ది కోవిల్‌పట్టి పక్కన ఇడైసేవల్. ఆయన నవల ‘గోపల్ల గ్రామం’ ఈ వలస కథే.

పడమట కనుమలు, తూర్పున పత్తి చేలు, మధ్యలో అడవిపంది. వేటకు ఇంతకన్నా ఏం కావాలి? పందివేట కోసం పెంచిన రాజపాళయం కుక్క మీద తపాలా శాఖ 2005లో బిళ్ల కూడా వేసింది. తుపాకి చరిత్ర మాత్రం అంత సాఫీగా సాగలేదు. తెలుగు మూలాలున్న పాళయగాడు వీరపాండ్య కట్టబొమ్మనను 1799 అక్టోబరు 16న కోవిల్‌పట్టికి దగ్గర్లోని కయత్తారులో ఉరితీశారు. తమ్ముడు ఊమైదురై మళ్లీ లేవదీసిన పోరును 1801లో అణచాక, ఆ ఏడు డిసెంబరు 1న మద్రాసు గవర్నరు ఎడ్వర్డ్ క్లైవ్ ఒక ప్రకటన చేశాడు. పాళయగాళ్లు ఆయుధాలు అప్పగించాలి, కోటలు నేలమట్టం కావాలి. 1878లో వైస్రాయి లిట్టన్ తెచ్చిన ఆయుధాల చట్టం బ్రిటిష్ ఇండియా అంతటికీ లైసెన్సు పద్ధతి పెట్టింది. అందుకే ఇక్కడి ఇళ్లలో ఇప్పుడున్న తుపాకులు పాళయగాళ్ల కాలానివని చెప్పుకున్నా, చాలావరకు ఆ తరవాత లైసెన్సు మీద కొన్నవి. రెండు రకాలు కనిపిస్తాయి. ఒకటి పంట కాపలాకు పెట్టుకున్న నాటు తుపాకి. మూతి నుంచి మందు పోసి దట్టించేది. రెండోది జమీందారీ ఇళ్ల, పెద్ద రైతుల జంట గొట్టాల పన్నెండు బోరు. బర్మింగ్‌హామ్‌లో తయారై, మద్రాసు మౌంట్ రోడ్డులో పి. ఓర్ అండ్ సన్స్ వంటి కంపెనీ పేరు చెక్కించుకుని వచ్చేది. అవును, గడియారాల ఓర్ కంపెనీయే, తుపాకులూ అమ్మేది.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో వేట ముగిసింది. 1988లో శ్రీవిల్లిపుత్తూరు కొండలు బూడిదరంగు పెద్ద ఉడుతల అభయారణ్యమయ్యాయి. 2021లో మేఘమలైతో కలిపి దేశంలో 51వ పులుల రిజర్వుగా ప్రకటించారు. తాతలు వేటాడిన కొండల్లోకి ఇప్పుడు తుపాకి పట్టుకుని అడుగుపెట్టడమే నేరం. కాబట్టి అటక మీది తుపాకికి మిగిలిన దారులు మూడే: ఉంచుకోవడం, అమ్మడం, ఒప్పగించడం. ఏది చేసినా ముందు దాని ఒంట్లో ఏముందో తెలియాలి.

ఏముందో అన్న మాట అక్షరాలా అంటున్నాను. నాటు తుపాకిని చాలామంది దట్టించే ఉంచేవారు. రాత్రి పంది చేలో పడితే అప్పుడు మందు కొలుస్తూ కూర్చోలేరు కదా. దట్టించినదాన్ని తీయాలంటే పేల్చడమే సులువు. పేల్చే పని పడకపోతే అలాగే ఉండిపోయేది. నల్లమందులో నూటికి 75 పాళ్లు సురేకారం, 15 పాళ్లు బొగ్గు, 10 పాళ్లు గంధకం. మూడూ తమంతట తాము కుళ్లేవి కావు. నీళ్లు తగిలితే తడుస్తుంది, ఆరితే మళ్లీ మందే. 2008లో అమెరికాలోని వర్జీనియాలో, సుమారు 140 ఏళ్ల నాటి అంతర్యుద్ధపు ఫిరంగి గుండును శుభ్రం చేస్తూ ఒక సేకరణదారు అది పేలి చనిపోయాడు. నూట నలభై ఏళ్లు భూమిలోనో నీటిలోనో ఉన్న మందు అది. ముప్పై ఏళ్లు పొడి అటక మీద ఉన్నది పేలదని ఎలా అనుకుంటాం?

పరీక్ష కష్టమేం కాదు. గొట్టం మూతిని మనుషులు లేని వైపు తిప్పి, మీ తలా చెయ్యీ మూతికి ఎదురుగా రాకుండా పక్కన నిలబడి, సన్నని చెక్క కర్రను ఆగేదాకా మెల్లగా దించాలి. మూతి దగ్గర గుర్తు పెట్టి, బయటికి తీసి, గొట్టం పక్కన ఆనించి చూడాలి. ఖాళీ గొట్టమైతే కర్ర కొస నిప్పు పుట్టించే క్యాపు పెట్టే చోటు దాకా వస్తుంది. నాలుగు వేళ్ల ఎడం మిగిలిందా, లోపల మందో రవ్వలో ఉన్నట్టే. ఆపైన దాన్ని గెలకవద్దు, వేడి చేయవద్దు, డ్రిల్లు పెట్టవద్దు. లైసెన్సున్న తుపాకుల మరమ్మతుదారును పిలవాలి.

తూటాల డబ్బా సంగతి వేరు. వాటిలోని పొగరాని మందు నైట్రోసెల్యులోజ్. అది తనంతట తానే మెల్లగా విడిపోతూ ఆమ్ల వాయువులను వదులుతుంది. ఆ వాయువులను పట్టి ఉంచడానికి తయారీలోనే డైఫినైల్ అమీన్ వంటి పదార్థం కలుపుతారు. ఆ కలిపినది ఖర్చయిపోయాక కుళ్లడం వేగం పుంజుకుంటుంది. తాత డబ్బాలోని తూటాల ఇత్తడి మీద పచ్చటి పొడి, పుల్లటి ఘాటు కనిపిస్తే అవి పేల్చడానికి పనికిరావు, ఇంట్లో ఉంచడానికీ పనికిరావు.

ఇప్పుడు ఆఖరి తూటా దగ్గరికి వద్దాం. నల్లమందు మండితే అంతా వాయువైపోతుందనుకుంటాం. కాదు. 1870లలో ఆండ్రూ నోబుల్, ఫ్రెడరిక్ ఏబెల్ మందును మూసిన ఉక్కు పాత్రలో కాల్చి చూశారు. బరువులో సగానికి పైగా ఘనపదార్థంగానే మిగిలింది. అందులో ముఖ్యమైనవి పొటాషియం కార్బొనేట్, పొటాషియం సల్ఫేట్, పొటాషియం సల్ఫైడ్. పేల్చిన తుపాకిని నీళ్లతో కడిగితే కుళ్లిన గుడ్డు కంపు వచ్చేది ఆ సల్ఫైడ్ వల్లే. అసలు దొంగ మాత్రం కార్బొనేట్. ప్రతి లవణానికీ ఒక తేమ గీత ఉంటుంది. గాలిలో తేమ ఆ గీత దాటితే లవణం గాలిలోంచే నీళ్లు లాగి తనలో తానే కరిగిపోతుంది. మనం తినే ఉప్పుకు ఆ గీత 75 శాతం దగ్గర. పొటాషియం కార్బొనేట్‌కు 43 శాతమే. కోవిల్‌పట్టి నల్లరేగడిలో ఎండాకాలపు మధ్యాహ్నాలు తప్పిస్తే గాలి ఆ గీతకు పైనే ఉంటుంది. తమిళ నెల ఐప్పసిలో పడే వానల సంగతి చెప్పనే అక్కర్లేదు. అంటే కడగని గొట్టం లోపల చర్మం ఏడాదిలో ఎక్కువ రోజులు తడిగానే ఉంటుంది, బయట దుమ్ము రేగుతున్నా సరే.

క్యాపు వల్ల జరిగే హాని ఇంకా వింతైనది. పాత కాలపు క్యాపుల్లోనూ తూటా అడుగు బిళ్లల్లోనూ మంట పుట్టించే మిశ్రమంలో పొటాషియం క్లోరేట్ ఉండేది. పొగరాని మందు తూటా అయినా సరే, అడుగున ఉన్నది క్లోరేటే. అది తన ఆక్సిజన్ అంతా మంటకిచ్చేసి పొటాషియం క్లోరైడ్‌గా మిగులుతుంది. పేలుడు వేగానికి ఆ ఉప్పు సన్నటి ఆవిరిలా గొట్టమంతా పరుచుకుంటుంది. ఇక్కడే ఈ ప్రాంతపు తమాషా ఉంది. 1920ల మొదట్లో పి. అయ్య నాడార్, ఎ. షణ్ముగ నాడార్ కలకత్తా వెళ్లి అగ్గిపెట్టెల తయారీ నేర్చుకుని వచ్చారు. శివకాశి, సాత్తూరు, కోవిల్‌పట్టి అగ్గిపుల్లల ఊళ్లయింది ఆ తరవాతే. అగ్గిపుల్ల తల మీద ఉన్నదీ పొటాషియం క్లోరేటే. పొయ్యి వెలిగించి పారేసిన పుల్లలోనూ ఆ ఉప్పే మిగిలేది. పారేసిన పుల్లతో ఎవరికీ బెంగ లేదు. తాత తుపాకి గొట్టానికి మాత్రం అది చెదపురుగైంది.

క్లోరైడ్ ఎందుకంత చెడ్డది? ఇనుము తుప్పు పట్టడం చిన్న విద్యుత్ వ్యాపారం. ఒక చోట ఇనుము అయాన్లుగా కరుగుతుంది, ఇంకో చోట ఆక్సిజన్ ఆ ఎలక్ట్రాన్లను తీసుకుంటుంది. మధ్యలో విద్యుత్తు నడవడానికి తేమ పొర కావాలి, అందులో ఉప్పు ఉంటే మరీ హాయి. క్లోరైడ్ అయాన్లు కరుగుతున్న ఇనుము వైపే చేరతాయి. ఆ చోట చిన్న గుంట పడి, గుంటలోని నీరు ఆమ్లంగా మారుతుంది. ఆమ్లం గుంటను ఇంకా లోతు చేస్తుంది. పైన తుప్పు మూతలా కప్పి ఉంటుంది కాబట్టి లోపలి ఉప్పు బయటికి పోదు. ఇదంతా ఆక్సిజన్ తక్కువున్న గుంట అడుగున జరుగుతుంది. అందుకే పైపైన మెరుస్తున్న గొట్టంలోనూ సూదిమొనల్లాంటి లోతైన గుంటలుంటాయి.

దీనికి విరుగుడు నూనె కాదు, నీళ్లు. ఇది చెబితే ఇప్పటికీ కొంతమంది నమ్మరు. తుపాకికి నీళ్లా అంటారు. ఉప్పు నూనెలో కరగదు. నూనె రాస్తే ఉప్పును నూనె కింద భద్రపరిచినట్టే. మరిగే నీళ్లు గొట్టంలో పోస్తే ఉప్పు కరిగి పోతుంది. వేడెక్కిన లోహం తన వేడికి తానే ఆరిపోతుంది. ఆ తరవాతే నూనె. పాతకాలం సిపాయిలకు ఇది డ్రిల్లులో భాగం. ఇంగ్లీషు దొరల షికారు నౌకర్లకూ తెలుసు. చేలో పంది మీద పేల్చి తెల్లవారుజామున అలసి ఇంటికొచ్చిన రైతుకు మాత్రం ఆ ఓపిక ఎక్కడిది? 1920లు, 30లలో జర్మనీ తయారీదారులు క్లోరేట్ లేని సీసపు స్టిఫ్నేట్ బిళ్లలు తెచ్చాక ఈ బెడద తగ్గడం మొదలైంది. మన పల్లెలకు అవి చేరేసరికి చాలా తుపాకుల గొట్టాలు అప్పటికే పాడయ్యాయి.

నూనె మాట వచ్చింది కాబట్టి వంటింటి దాకా వెళ్దాం. తుపాకి నూనె కొనే దుకాణం దగ్గర్లో లేకపోతే ఇంట్లో ఉన్నదే రాస్తారు. నువ్వుల నూనె, కొబ్బరి నూనె, ఆముదం. మూడూ నూనెలే గానీ గాలితో వాటి వరస వేరు. నూనె అణువుల్లో ఎన్ని జంట బంధాలున్నాయో అయొడిన్ సంఖ్య చెబుతుంది. ఆ సంఖ్య ఎంత ఎక్కువైతే ఆక్సిజన్‌తో అంత త్వరగా ముడిపడి బంక కడుతుంది. కొబ్బరి నూనెది పది లోపు, ఆముదానిది 85 దగ్గర, నువ్వుల నూనెది 110 ప్రాంతం, అవిసె నూనెది 180 దాటుతుంది. నువ్వుల నూనె ఏళ్ల తరబడి ఉంటే గోధుమరంగు జిగురవుతుంది. అది తాళం యంత్రంలోకి, అంటే సుత్తిని లాగి పట్టే కొక్కెం, స్ప్రింగు ఉండే చోటికి చేరితే కొక్కెం పూర్తిగా దిగదు. ఎత్తి పెట్టిన సుత్తి ఎప్పుడు జారుతుందో తెలియదు. పాత తుపాకి దానంతట అదే పేలిందని ఊళ్లలో చెప్పుకునే కథల్లో కొన్నింటికైనా కారణం దెయ్యం కాదు, ఎండిన నూనే. కొబ్బరి నూనె బంక కట్టదు గానీ 24 డిగ్రీల కింద గడ్డకడుతుంది, పైగా పులిసి ఆమ్లమవుతుంది. ఆముదం కాస్త నయం. ఖనిజ నూనె అన్నిటికన్నా నయం, ఎందుకంటే దానిలో ఆక్సిజన్ పట్టుకునే బంధాలే దాదాపు లేవు.

అవిసె నూనె ఎండిపోయే గుణమే తుపాకి కర్రకు వరం. వాల్‌నట్ చెక్క పిడికి పలచగా రాసి రుద్దుతూ పోతే గట్టి పొర కడుతుంది. ఒక్క జాగ్రత్త. ఆ ముడిపడే చర్య వేడి పుట్టిస్తుంది. అవిసె నూనె గుడ్డలు ఉండ చుట్టి మూల పారేస్తే వాటంతట అవే అంటుకుంటాయి. చుట్టూ బాణసంచా ఊళ్లున్న చోట ఈ సంగతి ఇంకోసారి చెప్పినా తప్పులేదు. కర్ర మీది నొక్కులకు ఇస్త్రీపెట్టె చాలు. తడిగుడ్డ వేసి వేడి తగిలిస్తే ఆవిరికి పీచు ఉబ్బి నొక్కు లేస్తుంది. చీలిన కర్రకు మాత్రం ఈ చిట్కా పనిచేయదు.

బాగుచేయించాలనుకునేవాళ్లు ఎక్కువగా పొరపాటు పడేది గొట్టాల విషయంలోనే, కాబట్టి కాస్త నిలుద్దాం. 1900 ప్రాంతానికి ముందువైతే గొట్టం మీద అలలు, ముడులు, చుక్కల్లాంటి నమూనా ఉండొచ్చు. దాన్ని డమాస్కస్ గొట్టం అంటారు. పేరు వినగానే మన తెలంగాణ కోనసముద్రం గుర్తొస్తుంది. నిజామాబాద్ ప్రాంతపు ఆ ఊళ్లో మూసల్లో కరిగించిన ఉక్కును పర్షియా వర్తకులు కొనుక్కుపోయేవారు. హెన్రీ వోయ్‌సీ దాన్ని కళ్లారా చూసి రాసిన వివరం 1832లో అచ్చయింది. ఆ ఉక్కు కత్తుల మీది అలలకు కారణం లోపలి కార్బైడు పొరలు. వెనేడియం వంటి లోహాలు అతి కొద్దిగా ఉండడం వల్ల ఆ పొరలు వరుసలు కడతాయని వెర్హోవెన్, పెండ్రే 1990లలో చూపించారు. తుపాకి గొట్టంలోని డమాస్కస్‌కు దానితో చుట్టరికం పేరులోనే. ఇనుము, ఉక్కు పట్టీలను కలిపి కాల్చి, జడలా మెలిపెట్టి, ఆ మెలిపట్టీని కడ్డీ చుట్టూ చుట్టి సుత్తితో అతికించి చేసిన గొట్టమది. బెల్జియంలోని లీజ్ ఊరు ఆ పనికి పెట్టింది పేరు. ప్రతి చుట్టూ ఒక అతుకు. అతుకుల మధ్య ఎక్కడో సుత్తి దెబ్బకు బయటికి పోని చిట్టెం ఇరుక్కుని ఉంటుంది. మంచి పనివాడు చేసినది గట్టిదే. బ్రిటన్ పరీక్షల్లో మేలైన డమాస్కస్ గొట్టం ఉక్కు గొట్టాలతో పోటీగా నిలిచింది. ఆ పరీక్షల్లోవి కొత్త గొట్టాలు. నూరేళ్ల పాటు అతుకుల్లోకి ఉప్పు పాకిన గొట్టం వేరు. పైనుంచి చూస్తే తెలియదు. కొన్నింటికి ఎవరో మధ్యలో నల్లరంగు వేసి నమూనా కప్పేసి ఉంటారు. ముందు చేతికర్ర విప్పి దాని కింద చూస్తే అసలు రంగు బయటపడుతుంది.

నల్లమందుకూ పొగరాని మందుకూ తేడా ఒత్తిడిలో ఉంది. నల్లమందు మండే వేగం చుట్టూ ఉన్న ఒత్తిడి మీద పెద్దగా ఆధారపడదు. ఒత్తిడి కొంత పెరిగి అక్కడే ఆగుతుంది. పొగరాని మందుకు ఒత్తిడి పెరిగితే మంట వేగం పెరుగుతుంది, వేగం పెరిగితే ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. ఇప్పటి మామూలు పన్నెండు బోరు తూటాకు అంతర్జాతీయ ప్రమాణం అనుమతించే గరిష్ఠ ఒత్తిడి 740 బార్లు, అంటే వాతావరణ పీడనానికి సుమారు 730 రెట్లు. నల్లమందు కాలపు గొట్టాన్ని ఆ లెక్కకు చేయలేదు. తూటా పొడవు మెలిక ఇంకోటి. పాత ఇంగ్లీషు తుపాకుల తూటా గది రెండున్నర అంగుళాలది, అంటే 65 మిల్లీమీటర్లు. ఇప్పటి తూటాల్లో ఎక్కువ 70 మిల్లీమీటర్లవి. పేల్చాక విప్పుకునే అంచు గది దాటి గొట్టంలోకి పోతుంది. అయిదు మిల్లీమీటర్లే కదా అని తేలిగ్గా తీసుకోవద్దు. తూటా ఇమిడింది కదా, పేలితే ఏమవుతుందిలే అనే వాదన చాలా గొట్టాలను చీల్చింది.

తయారైన ప్రతి గొట్టాన్నీ మామూలుకన్నా బలమైన మందుతో పేల్చి చూసి ముద్ర వేసే పద్ధతి బ్రిటన్‌లో చట్టబద్ధం. బర్మింగ్‌హామ్ ప్రూఫ్ హౌస్ 1813 నాటిది. గొట్టాలు విప్పి అడుగు చదును భాగం చూస్తే కిరీటం కింద అక్షరాలు, వజ్రం ఆకారంలో 12 అంకె కనిపిస్తాయి. పన్నెండు బోరు అంటే పౌను సీసంతో చేసిన పన్నెండు సమానమైన గుండ్లలో ఒకటి పట్టే గొట్టం. 18.5 మిల్లీమీటర్ల వ్యాసం. ‘నైట్రో ప్రూఫ్’ అని ఉంటే పొగరాని మందుకు పరీక్షించినది, లేకపోతే కానిది. ఆ అక్షరాలే ఆ తుపాకి జాతకం. ఇక్కడే మన బాగుచేయించే ఉత్సాహం కొంప ముంచుతుంది. వర్క్‌షాపుకిచ్చి బఫింగ్ చక్రం మీద మెరిపిస్తే చెక్కిన పేరు, ప్రూఫ్ ముద్ర, గొట్టం అంచుల పదును అన్నీ అరిగిపోతాయి. గుంటలు పోయేదాకా లోపల అరగదీయిస్తే ఇంకా ప్రమాదం. ప్రూఫ్ నాటి కన్నా లోపలి వ్యాసం అంగుళంలో నూరో వంతు పెరిగితే బ్రిటన్ లెక్కలో ఆ ముద్ర చెల్లనట్టే, మళ్లీ పరీక్ష చేయించాలి. కొన్ని గొట్టాల మధ్యభాగం గోడ ఒక మిల్లీమీటరైనా ఉండదు. అక్కడ అర మిల్లీమీటరు అరగదీస్తే మిగిలేది కాగితమే.

మరి తుప్పు పట్టిన పైభాగాన్ని బాగుచేయడం ఎలా? తుప్పుతోనే. ఎర్రతుప్పు గుల్లగా, నీరు పీల్చే పదార్థంగా ఉంటుంది, దాని కింద ఇనుము కరుగుతూనే ఉంటుంది. అదే తుప్పును గొట్టం మీద కావాలని పలచగా పట్టించి నీళ్లలో అరగంట మరిగిస్తే అది మాగ్నెటైట్‌గా మారుతుంది. నల్లటి, గట్టి, ఇనుముకు అతుక్కుని ఉండే పొర. వదులుగా ఉన్నదాన్ని సన్నటి తీగ బ్రష్‌తో దులిపి, మళ్లీ తుప్పు పట్టించి, మళ్లీ మరిగించి, ఇలా ఎన్నోసార్లు. చివరికి నీలినలుపు వస్తుంది. రోజులు పట్టే పని. ఈ ఓపిక లేక కొందరు కాస్టిక్ సోడా, నైట్రేటు లవణాలు 140 డిగ్రీల దగ్గర కాచే తొట్టెలో ముంచి గంటలో పని ముగిస్తారు. ఒంటి గొట్టం రైఫిలుకు అది సరే. జంట గొట్టాలను ఒకదానితో ఒకటి, మధ్య పట్టీతో కలిపి పట్టి ఉంచేది సీసం తగరం అతుకు. కాస్టిక్ ఆ అతుకును తినేస్తుంది. నల్లటి కొత్త మెరుపుతో ఇంటికొచ్చిన తుపాకి కొన్నాళ్లకు మధ్యలోంచి విడిపోతుంది. జంట గొట్టాల తుపాకిని తొట్టెలో ముంచే మనిషి చేతికి ఇవ్వవద్దు, అంతే. గాలిలో తేమను 60 శాతం కింద ఉంచి, ఉప్పు కడిగి, ఖనిజ నూనె తుడిచి పెట్టిన తుపాకికి కొత్త రంగు చాలాసార్లు అక్కర్లేదు కూడా. నా అభిప్రాయంలో నాటు తుపాకులను, డమాస్కస్ గొట్టాలను మళ్లీ పేల్చే స్థితికి తేవాలనే కోరికే వదులుకోవాలి. వాటి విలువ ఉన్న స్థితిలోనే ఉంది.

అమ్మకం సంగతి. 1980ల మధ్యలో విదేశీ తుపాకుల దిగుమతి ఆగిపోవడంతో మన దేశంలో పాత ఇంగ్లీషు జంట గొట్టాలకు గిరాకీ నిలిచింది. ధరను నిర్ణయించేవి తయారీదారు పేరు, గొట్టం గోడ మందం, ప్రూఫ్ ముద్రలు, అసలు రంగు ఎంత మిగిలిందన్నది. మెరుపు కాదు. కాగితాలు లేనిదే ఇవేవీ లెక్కలోకి రావు. 1959 ఆయుధాల చట్టం ప్రకారం అమ్మడానికే కాదు, మరమ్మతుకూ లైసెన్సున్న మనిషే కావాలి. గొట్టం పొట్టిచేయడానికి సైతం అనుమతి ఉండాలి. ఇంటి యజమాని తుడిచి నూనె రాసుకోవడం వరకే మన హద్దు. వాడకానికి ఏ మరమ్మతుతోనూ తేలేని పురాతన ఆయుధాలకు 45వ సెక్షను కొంత మినహాయింపు ఇస్తుంది గానీ, మన నాటు తుపాకి ఆ కోవలోకి వస్తుందని మనంతట మనమే తీర్పు చెప్పుకోకూడదు. నూరేళ్లు దాటినది పురావస్తువుల చట్టం కిందికీ వస్తుంది, దేశం దాటించే వీలులేదు.

2016 నియమాల ప్రకారం లైసెన్సుదారు చనిపోతే వారసుడు తన పేరున లైసెన్సు అడగవచ్చు. ఆయనకు డెబ్బై ఏళ్లు నిండినా, తుపాకి పాతికేళ్లు ఆయన దగ్గరే ఉన్నా బతికుండగానే వారసుడికి బదిలీ చేయించవచ్చు. 2019 సవరణతో ఒక మనిషికి రెండు తుపాకులకు మించి ఉండకూడదు. అటక సర్దుతుంటే ఎవరి లైసెన్సూ లేని తుపాకి బయటపడిందనుకోండి. ఏ కాగితమూ లేకుండా ఇంట్లో ఉంచుకున్నందుకు రెండేళ్ల నుంచి అయిదేళ్ల దాకా జైలు పడవచ్చు. వెంటనే పోలీసు స్టేషనుకు రాతపూర్వకంగా తెలిపి అక్కడ అప్పగించాలి, లేదా లైసెన్సున్న డీలరు దగ్గర జమ చేసి రసీదు తీసుకోవాలి. భయంతో బావిలో పారేసినా, పరిచయస్తుడి చేతిలో పెట్టినా కష్టం రెట్టింపే.

లైసెన్సుతో ఉన్న తుపాకిని ఇంకో లైసెన్సుదారుకు నేరుగా అమ్మదలిస్తే, కొనే మనిషి పేరు, చిరునామాతో జిల్లా మేజిస్ట్రేటుకు గానీ దగ్గరి పోలీసు స్టేషను అధికారికి గానీ ముందే రాసివ్వాలి. శ్రీవిల్లిపుత్తూరు, రాజపాళయం వాళ్లకు ఆ మేజిస్ట్రేటు విరుదునగర్ కలెక్టరు. కోవిల్‌పట్టి వాళ్లకు తూత్తుకుడి కలెక్టరు. ఇచ్చిన కాగితం నకలు మీద తేదీతో ముద్ర వేయించుకోండి. ఆ తేదీ నుంచి కనీసం 45 రోజులు గడవకుండా తుపాకి చేతులు మారకూడదు.